పొగకొండ దీవి మీద తెల్లగుడ్డలు

పై నుంచి చూస్తే అంతా అందంగానే ఉంటుంది. మన వృత్తికి పట్టిన మొదటి చీడ అదే.

విమానం నుంచి తీసిన ఫోటోలు చదివి కింద ఏముందో చెప్పడం నా పని. యుద్ధకాలంలో మొదలుపెట్టి, తల నెరిసి రిటైరయ్యే దాకా అదే చేశాను. ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కాఫీ తాగుతూ, "హాయైన ఉద్యోగం మేడమ్, కింద మనుషులతో తగాదా లేదు" అంది. ఆ గ్లాసు ఆమె చేతిలోంచి లాక్కోవాలన్నంత కోపం వచ్చింది నాకు. లాక్కోలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు. ఒక దీవి ఉంటుంది. దాన్ని నేను చదివిన తీరూ, చదవలేకపోయిన తీరూ ఉంటాయి.

మా నాన్న నేర్పింది

నా పేరు ఎస్తేరు. మా నాన్న యాకోబుది పుంగనూరు దగ్గర ఒక మెట్టపల్లె. రాళ్ళు ఏరి గట్టు పేర్చుకుంటే తప్ప నాగలి దిగని నేల. కరువు పట్టి చేను వదిలేసి మదనపల్లెకు వచ్చాడు, మిషన్ ఆసుపత్రిలో వార్డు పనికి కుదిరాడు. రోగుల్ని మోయడం, మంచాలు కడగడం, చనిపోయినవాళ్ళకు గుంత తీయడం, మూడూ ఆయన పనులే. గుంత తీసే రోజుల్లో నేను ఆయనకు సంగటి తీసుకుపోయేదాన్ని. కొత్త సమాధి ఉబ్బుగా ఉంటుంది. నాలుగు వానలు పడితే మట్టి దిగి పల్లమవుతుంది. ఆ పల్లంలో గడ్డి పక్కనున్న గడ్డి కన్నా ముదురు పచ్చగా వస్తుంది. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

మిషన్ బళ్ళో చదువు ముగిసేసరికి యుద్ధం ముదిరింది. ఆడపిల్లల్ని కూడా సైన్యం ఆఫీసుల్లోకి తీసుకుంటున్నారని పాదిరిగారు ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పారు. నేను పేరిచ్చాను. నాన్నకు నచ్చలేదు.

"ఆడబిడ్డవు, యుద్ధానికి యాల పోవాల?"

"తుపాకి పట్టే పని కాదు నాన్నా. ఫోటోలు చూసే పని."

"బొమ్మలు సూసేదానికి యుద్ధమెందుకమ్మా?" అన్నాడాయన.

ఆ ప్రశ్నకు నాకు జవాబు తరవాత దొరికింది. ఎక్కడ బాంబు వేయాలో తెలియాలంటే ముందు ఎవరో ఒకరు బొమ్మ చూడాలి.

నీడ ఎటు పడాలి

మా ఆఫీసు తూర్పు తీరంలో, మూతపడిన ఒక కాలేజీ భవనంలో ఉండేది. మా పై అధికారి ఫెన్‌విక్ దొర. యుద్ధానికి ముందు ఆయన రాళ్ళ శాస్త్రం బోధించేవాడట. పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బాగా నేర్పాడు. ఆ మాట రాయకపోతే నేను అబద్ధాలదాన్నవుతాను.

మొదటి వారంలో ఒక ఫోటో ఇచ్చి చదవమన్నాడు. సముద్రం మధ్య ఒక దీవి, దాని నడిమధ్య గుండ్రటి ఆకారం. "బోర్లించిన గిన్నెలాంటి గుట్ట" అని రాశాను. ఆయన నవ్వలేదు. ఫోటోను తలకిందులుగా తిప్పి నా ముందు పెట్టాడు. గుట్ట పోయింది. అదే చోట నోరు తెరిచిన గొయ్యి కనిపించింది.

"నీడలు నీ వైపు పడేలా ఫోటో పెట్టుకోవాలి. లేకపోతే నీ కన్ను నీకే అబద్ధం చెబుతుంది. నువ్వు గుట్ట అన్నది అగ్నిపర్వతం నోరు" అన్నాడు.

తరవాత స్టీరియోస్కోపు వాడడం చూపించాడు. నాలుగు చిన్న కాళ్ళ మీద నిలిచే జోడద్దాలది. ఒకే చోటును విమానం కాస్త ముందుకు జరిగి తీసిన రెండు ఫోటోల్ని పక్కపక్కన పెట్టి అందులోంచి చూస్తే నేల లేచి నిలబడుతుంది. చెట్టు చెట్టంత, కొండ కొండంత. మొదటిసారి చూసినప్పుడు చెయ్యి పెట్టి ఆ కొండను తాకబోయాను.

దీవి

దాని అసలు పేరు రాయను. తరవాతి కాలంలో ఒక మనిషి దాన్ని పొగకొండ అన్నాడు. నేనూ అదే అంటాను. జపాను వాళ్ళ చేతిలో ఉండేది. కొన్ని వారాలకొకసారి మా విమానం దాని మీదుగా పోయి ఫోటోలు తెచ్చేది. అవి నా బల్ల మీదికి వచ్చేవి.

కొండ నోట్లోంచి వేరువేరు కాలాల్లో మూడు దిక్కులకు రాతిద్రవం కారి గడ్డకట్టింది. ఒక పాయ మీద అడవి మొలిచింది, అంటే పాతది. రెండో దాని మీద తుప్పలు. మూడోది నల్లగా, బోడిగా, నాలుకలా సముద్రంలోకి దిగింది. అది రెండో పాయను ఒకచోట కప్పేసింది కాబట్టి దాని తరవాతిదే. మీదున్నది చిన్నది, కిందున్నది పెద్దది. దీవి వయసు అలా లెక్క తేలుతుంది.

ఆ నల్ల నాలుక అంచుకు రాతిగట్లు వరసగా వచ్చి ఆగిపోయాయి. చేలగట్లు. ఒక కాలిబాట కూడా వచ్చి ఆ నల్లరాయి కింద దూరిపోయింది. అంటే అక్కడ ఒక ఊరుండేది, కొండ దాన్ని మింగింది. తూర్పున, నాలుకకు అవతల, ఇంకో ఊరు ఉంది. దాని చుట్టూ కొత్త గట్లు. వాటి రాళ్ళు నల్లగా ఉన్నాయి. తమ ఊరిని పూడ్చిన రాళ్ళనే ఏరి ఆ మనుషులు మళ్ళీ చేలకు గట్లు పేర్చుకున్నారు. పుంగనూరులో మా తాతవాళ్ళ చేను గుర్తొచ్చి కాసేపు అద్దాల్లోంచి కన్ను తీయలేకపోయాను.

ఇదంతా నాలుగు పేజీలు రాశాను. ఉత్తరపు వాలు మీద ఒక్క వాగు కూడా లేదనీ, వాన నీరంతా ఆ రాతి పగుళ్ళలో ఇంకిపోతుందనీ, అక్కడ ఎవరూ బతకలేరనీ కూడా రాశాను. ఫెన్‌విక్ దొర చదివి, "చాలా బాగుంది. కానీ దీవి చరిత్ర ఈ యుద్ధానికి అక్కర్లేదు" అన్నాడు.

తరవాతి ఫోటోల్లో తూర్పు ఊరు ఖాళీ అయింది. ఒడ్డున పడవలు లేవు. చేలల్లో కలుపు. వాళ్ళను ఎక్కడికి తోలారో ఇవాళ్టికీ నాకు తెలియదు. ఇంకొన్ని వారాలకు దక్షిణపు చదునులో తిన్నగా ఒక గీత పడింది. విమానాలు దిగడానికి దారి. మనిషి గీసిన గీతే అంత తిన్నగా ఉంటుంది. ఉత్తరపు వాలు మీద, ఎవరూ బతకలేరని నేను రాసిన చోట, పొడుగాటి ఆకుకప్పు కొట్టాలు లేచాయి.

కొట్టేసిన వాక్యం

ఆ కొట్టాల్ని మూడు విడతల ఫోటోల్లో చూశాను. లారీల జాడ లేదు. అక్కడి నుంచి దక్షిణపు చదునుకు ఉన్న బాట చాలా సన్నం, ఒకరి వెనక ఒకరు నడిచి చేసిన బాట. కొట్టాల వెనక చిన్న చిన్న ఉబ్బులు వరసగా ఉన్నాయి. మొదటి విడతలో ఒకే వరస. రెండో విడతలో ఆ వరస పల్లమై, పక్కన కొత్త ఉబ్బులు లేచాయి. మూడో విడతలో ఇంకొన్ని వరసలు. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా నాన్న పని అది.

ఇంకొకటి కూడా కనిపించింది. మూడో విడతలో, కొట్టాల ముందు నేల మీద, తెల్ల మచ్చలు వరసగా.

నేను రాసింది ఇది: "కూలీల శిబిరం. సైనికులు కారు. వెనక సమాధులు, పెరుగుతున్నాయి. ముందు నేల మీద ఆరేసిన బట్టలు."

ఫెన్‌విక్ దొర నన్ను పిలిపించాడు. సమాధులన్నది కొట్టేశాడు.

"కూరగాయల మడులు" అన్నాడు.

"మడి ఉబ్బుగా మొదలై పల్లమవదు సార్. సమాధి అవుతుంది."

"మిస్ ఎస్తేర్, నువ్వు సమాధులు ఎక్కడ చూశావు?"

చెప్పాను. నాన్న ఏం చేస్తాడో చెప్పాను. గదిలో ఉన్న మరో ఇద్దరు ఆఫీసర్లు తలలు తిప్పుకున్నారు. ఒకడు నవ్వాపుకున్నాడు. గుంతలు తీసేవాడి కూతురి మాట అక్కడ సాక్ష్యం కాలేదు.

తరవాత ఆయన నా చివరి వాక్యం మీద వేలు పెట్టాడు. "బట్టలు ఆరేశారని నువ్వే రాశావు. ఉతికి ఆరేసుకునేటన్ని బట్టలు కూలీలకు ఉంటాయా? సైనికులకు ఉంటాయి. నీ మాటే రుజువు." కూలీల శిబిరం అన్నది కొట్టేసి, "సైనిక బ్యారకులు" అని రాశాడు. మళ్ళీ టైపు కొట్టించి నా ముందు పెట్టాడు. ఫోటో చదివినవాళ్ళ పొట్టి సంతకం కింద ఉండాలి.

పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. ఉద్యోగం పోతుందనీ, మదనపల్లెకు తలదించుకుని పోవాలనీ భయం. ఆయన చదువు ముందు నా చదువెంత అన్న సందేహం. రెండూ కలిసి పెట్టించాయి. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. తెలియక చేసే తప్పులు అద్దాల్లో జరుగుతాయి. తెలిసి చేసే తప్పులు ఇలా, బల్ల మీద, పట్టపగలు జరుగుతాయి.

పది రోజులకు కొత్త ఫోటోలు వచ్చాయి. ఉత్తరపు వాలు మీద కొట్టాల చోట మసి. గోతులు ఒకదాన్నొకటి కలుపుకుని ఉన్నాయి. దక్షిణాన విమానాల దారి మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. నష్టం అంచనా రాసే పని నాదే. "లక్ష్యం నాశనమైంది" అని రాశాను. ఫెన్‌విక్ దొర నా బల్ల దగ్గర ఆగి, "మంచి పని" అన్నాడు.

రంగులో చూసిన రోజు

జపాను లొంగిపోయాక మా దళంలో కొందరిని మలయాకు తరలించారు. దారిలో విమానం పొగకొండ పక్కగా పోతుందని తెలిసి పైలటును బతిమాలాను. ఒకసారి చుట్టూ తిప్పుతానన్నాడు.

రెండేళ్ళుగా నలుపు తెలుపుల్లో చూసిన దీవిని అప్పుడు రంగులో చూశాను. కొండ నోటి అంచు పసుపు, గంధకం. లోపల నీలంగా పొగ. పాత రాతిపాయ మీద అడవి ముదురు ఆకుపచ్చ. కొత్త పాయ నలుపు, అది సముద్రాన్ని తాకే చోట తెల్లటి నురుగు. వెనక సీట్లో ఉన్న నర్సు ఒకామె, "ఎంత అందంగా ఉందో" అంది. నిజమే. అంత అందమైన చోటు నేను అంతకు ముందు చూడలేదు.

ఉత్తరపు వాలు కోసం వెతికాను. గోతుల మీద తీగలు అల్లుకున్నాయి. సమాధులు ఎక్కడో తేల్చుకోలేకపోయాను. వానలకు అన్నీ దిగిపోయి ఉంటాయి. అంత ఎత్తు నుంచి చూస్తే అక్కడ ఏమీ జరగనట్టే ఉంది. ఆ కిటికీ దగ్గర నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మొదట ఫెన్‌విక్ దొర మీద, తరవాత ఆ కొండ మీద, చివరికి నా చేతి మీద.

మునెప్ప

దళం నుంచి విడుదలై మదనపల్లెకు వచ్చాను. ఒకరోజు అన్నం తింటూ నాన్న అన్నాడు: "మా వార్డులో ఒకాయన ఉండాడు, మునెప్పని. రామకుప్పం పక్క. కుప్పంలో రైలెక్కి మలయా పోయినాడంట రబ్బరు తోటలోకి. జపానోళ్ళు పడవెక్కించి యాడికో దీవికి తోలినారంట. ఆడ కొండలోంచి పొగ వస్తాదంట."

మరుసటి రోజు కాగితం, పెన్సిలు తీసుకుని వార్డుకు పోయాను. మునెప్పకు నలభై ఉంటాయి. ఎముకలు లెక్కపెట్టొచ్చు. క్షయ. మంచం పక్కన కూర్చుని దీవి అంచు గీశాను. కొండ నోరు, నల్ల నాలుక, తూర్పు ఊరు గీశాను. ఆయన లేచి కూర్చున్నాడు. కాగితం మీద ఉత్తరపు వాలు దగ్గర వేలు పెట్టాడు.

"ఈడ మా కొట్టాలు" అన్నాడు. "పొగకొండమ్మా ఇది! నువ్వు ఆడికి యాల పోయినావు తల్లీ?"

"పోలేదప్పా. విమానంలోంచి ఫోటోలు తీసేవాళ్ళు. అవి నా దగ్గరికి వచ్చేవి."

ఆయన ముఖం వెలిగింది. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ మెరిసే యెండి ఇమానం! మేము సూసినాము. అయితే మా గుడ్డలు సూసినారా మీరు?"

నేను జవాబిచ్చేలోపు ఆయనే చెప్పాడు. మలయాలో వాళ్ళ తోట ఆసుపత్రి కప్పు మీద పెద్ద సిలువ గుర్తు ఉండేదట. దాని మీద బాంబులు వేయరని తోటలో చెప్పుకునేవాళ్ళు. విమానం వస్తూ పోతూ ఉండడం చూసి, వాళ్ళలో బైరెడ్డిపల్లె చెంగప్ప అనే అతను ఒక ఉపాయం చెప్పాడు. నేల మీద గుడ్డలతో సిలువ పరుద్దాం, పై వాళ్ళకు మనం కూలీలమని తెలుస్తుంది అన్నాడు.

"ఉండేది ఒంటిమీద పంచెలే. ఇప్పేసి పరిచినాము. గోచీలతో పనికి పోయినాము. రాళ్ళు పెట్టినాము గాలికి లేసిపోకుండా. ఆ కొండ ఉండాదే, బూడిద రాలస్తానే ఉంటాది. పొద్దున పరిచింది మధ్యానానికి నేల రంగయిపోతాది. మళ్ళా ఇదిలించాల, మళ్ళా పరచాల. ఆ పొద్దు ఇమానమొచ్చేసరికి అడ్డంగా పరిచిన గుడ్డలు దులిపినాము. నిలువువి దులపను పొద్దు సాలలేదు."

అడ్డగీత తెల్లగా, నిలువుగీత బూడిద రంగులో. ఫోటోలో ఒకే వరస.

"చూశానప్పా" అన్నాను. "బట్టలు ఆరేశారని రాశాను."

మునెప్ప నా చెయ్యి వదిలేశాడు.

"ఆరేసేదానికి నీళ్ళు యాడివి తల్లీ? తాగేదానికే లేకపాయ. అవతలి పక్కనుంచి కడవలతో మోసుకోని వస్తిమి."

ఉత్తరపు వాలు మీద చుక్క నీరు లేదని రాసింది నేనే. అదే చేత్తో, అదే దీవి గురించి, బట్టలు ఉతికి ఆరేశారని కూడా రాశాను. రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. ఫెన్‌విక్ దొర చేసిన తప్పు ఆయనది. ఈ తప్పు మాత్రం నాది. ఏ దొరా దిద్దింది కాదు.

బాంబులు పడిన రోజు ఒంట్లో శక్తి ఉన్నవాళ్ళంతా దక్షిణాన పనిలో ఉన్నారు. కొట్టాల్లో ఉన్నది జ్వరాలతో లేవలేనివాళ్ళు. చెంగప్ప వాళ్ళలో ఉన్నాడు.

రెండు రోజులు మునెప్ప నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే పిలిపించి, "రాసుకో" అన్నాడు. పేర్లు, ఊర్లు చెప్పాడు. మన పక్కవాళ్ళు ఎవరెవరో, ఎవరి ఇంటిముందు ఏముంటుందో గుర్తున్నంత చెప్పాడు. నెల తిరక్కముందే పోయాడు. ఆయనకు గుంత మా నాన్నే తీశాడు.

నేను పాత ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఆ దీవిలో చనిపోయినవాళ్ళు మన జిల్లా కూలీలనీ, నా మొదటి రిపోర్టు దిద్దారనీ రాశాను. జవాబు మూడు వరుసలు: రికార్డుల ప్రకారం అక్కడ ఉన్నది సైనికులే, కూలీలున్నట్టు ఆధారం లేదు, ఇలాంటి సంగతులు బయట మాట్లాడనని నేను ప్రమాణం చేశానని గుర్తుచేస్తున్నాము. ఆధారాన్ని కొట్టేసినవాళ్ళే ఆధారం లేదని రాశారు. ఫెన్‌విక్ దొర వేరుగా ఒక ఉత్తరం రాశాడు. యుద్ధంలో అందరం పొరబడ్డామనీ, మనసు కష్టపెట్టుకోవద్దనీ. ఆయన మంచివాడే, పరిస్థితులు అలాంటివి అని రాయమని తరవాత నాకు చాలామంది చెప్పారు. రాయను. నాకు నీడ ఎటు పడాలో నేర్పిన మనిషికి ఆ ఉబ్బులేమిటో తెలియదంటే నేను నమ్మను.

బైరెడ్డిపల్లె

బస్సు దిగి, అడుగుతూ నడిచి, చెంగప్ప ఇంటికి చేరాను. ఇంట్లో ఎవరూ లేరు. భార్య నాగమ్మ చేనికి పోయిందన్నారు. రాగిచేలో కలుపు తీస్తోంది. సొంత చేను కాదు, కూలికి. నుదుట కుంకుమ ఉంది. గట్టు మీద కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. పూర్తిగా చెప్పాను. సంతకం సంగతి, గుడ్డల సంగతి, ఏదీ దాచలేదు.

ఆమె ఏడవలేదు. కలుపు గుద్దలి మట్టిలో పొడుస్తూ వింది. తరవాత అడిగింది:

"పైనుంచి సూస్తే మా ఆయన కనపడినాడా?"

"లేదమ్మా. అంత ఎత్తు నుంచి మనిషి కనపడడు."

"మనిషి కనపడకుండానే రాస్తారా మీరు?"

"రాశానమ్మా" అన్నాను.

"ఊర్లో ఏమంటాండారో తెల్సా నీకు? ఆడ ఇంకొకతెను పెట్టుకోని నన్ను మరిసిపోయినాడంట. నా మరుదులు అదే అంటారు. మా అన్న వస్తాడులే, వచ్చినంక నీ భాగం అడుగుపో అని చేను దున్నుకుంటాండారు. తాలూకా కచేరీకి పోతే, సచ్చినాడని కాయితం తీసుకురాపో అంటారు. యాడ్నుంచి తెచ్చేది?" ఆమె లేచి నిలబడింది. గొంతు పెద్దదయింది. చేలో ఉన్నవాళ్ళంతా తలెత్తి చూశారు. "ఇన్నేండ్లు నేను కుంకం పెట్టుకోని నగుబాటు పడతాంటే, నీకాడ కాయితమే ఉండాదా? అయితే పా. నాకు చెప్తే ఏమొస్తాది? ఆడ చెప్పు."

ఆ మరుసటి రోజు ఇద్దరం తాలూకా కచేరీకి పోయాం. బస్సులో ఆమె నా పక్కన కూర్చోలేదు.

గుమాస్తా కళ్ళద్దాల మీదుగా మమ్మల్ని చూశాడు. ఆమెను అంతకు ముందే ఎరుగును. విసుక్కున్నాడు. నేను కూర్చుని వాంగ్మూలం రాశాను. దీవి ఎక్కడుందో, శిబిరం ఎవరిదో, మొదట నేనేం రాశానో, ఎవరు దిద్దారో, కింద ఎవరు సంతకం పెట్టారో, బయట చెప్పనని నేను ఏ ప్రమాణం చేశానో. మునెప్ప చెప్పిన పేర్లన్నీ రాశాను.

ఆయన చదివి గొంతు తగ్గించాడు. "ఇది ఇస్తే మీకు ఎక్కడా సర్కారు ఉద్యోగం రాదమ్మా. ఒట్టేసినారు కదా మీరు. ఆలోచించుకోండి."

"ఉద్యోగం గురించి ఆలోచించే ఒకసారి సంతకం పెట్టాను" అన్నాను.

మరణాల రిజిస్టరు తీశాడు. చెంగప్ప పేరు రాశాడు, తండ్రి పేరు, ఊరు రాశాడు. కారణం దగ్గర కలం ఆపి, నాగమ్మ వైపు తిరిగాడు.

"జొరమని రాస్తానమ్మా. పొరుగు దేశంలో జొరంతో పోయినాడు. నీ చేనికి అది సాలు."

"జొరంతో పోలేదప్పా ఆయన."

"ఈడ ఉండేవి ఇవే సూడు. కలరా, మసూచి, జొరం, పాము, ఇతరములు. ఏదో ఒకటి చెప్పు."

"తెల్లగుడ్డ పరిచి, మేము కూలోళ్ళమయ్యా అని చెప్పినంక గూడా పైనుంచి ఏసి సంపినారు. అది రాయి."

"దానికి ఈడ గడి లేదమ్మా" అన్నాడు గుమాస్తా.

నాగమ్మ బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది.

"లేకపోతే గీయి" అంది.

గుమాస్తా నా వైపు చూశాడు. నేను రిజిస్టరును నా వైపు తిప్పుకుని, సంచిలోంచి స్కేలు తీశాను.